రసీదులో ఆ గడి లేదు

ఏప్రిల్ 28, రాత్రి

ఇవాళ ఇంటి పన్ను కట్టేశాను. ఆ పన్ను తప్పని అర్జీ కూడా పెట్టాను. రెండూ కలిపి ఒక గంట పని అనుకుని పదింటికి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. అన్నం తినేసరికి మూడు దాటింది.

తేదీలు, అంకెలు తర్వాత గుర్తుండవు కాబట్టి మొదట్నుంచీ రాసుకుంటున్నాను. పది రోజుల క్రితం మున్సిపాలిటీ నుంచి, పన్ను మార్చామంటూ, మామయ్యగారి పేరు మీద స్పెషల్ నోటీసు వచ్చింది. నిరుడు ఏడాది మొత్తానికి 4,312 రూపాయలు కట్టాం. ఈసారి 7,860. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను అద్దె విలువను బట్టి కాకుండా ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ ధర, కట్టడానికి ఇంకో ధర, రెండూ కలిపి అందులో కొంత శాతం. విలువ ఎంత పెరిగినా పన్ను మాత్రం ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి కూడా అప్పుడే పెట్టారు. ఆ లెక్కన మాకు 4,959 దాటకూడదు.

మిగతా 2,901 ఎక్కడిదా అని నోటీసు మళ్లీ చదివితే అసలు సంగతి కనబడింది. ‘మొదటి అంతస్తు, ఆర్‌సీసీ శ్లాబు, 840 చదరపు అడుగులు.’ మా ఇంటికి మొదటి అంతస్తే లేదు! డాబా మీద మెట్ల గది, దాన్ని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉన్నాయి, అంతే. వీధిలోంచి చూస్తే రేకుల అంచు కనిపిస్తుంది. దాన్ని చూసి మేడ లేచిందనుకుని, కింద 840 కాబట్టి పైన కూడా అంతేనని రాసేసుకున్నట్టున్నారు. 15 శాతం పరిమితి పాత కట్టడానికేనట, కొత్తగా కట్టినదానికి వర్తించదట. అంటే లేని అంతస్తుకి పన్నూ ఉంది, దానికి పరిమితీ లేదు.

నిన్న సాయంత్రం నేనూ అత్తయ్యా టేపు పట్టుకుని డాబా ఎక్కాం. పదహారడుగులు ఒకవైపు, పన్నెండడుగులు ఇంకోవైపు. 192 చదరపు అడుగులు. మూడు పక్కల గోడల్లేవు, నాలుగు ఇనుప గొట్టాల మీద రేకులు. కింద పాత ఉయ్యాల, మిగిలిపోయిన ఇటుకలు, అత్తయ్య వడియాల పళ్లేలు. అత్తయ్య టేపు చివర పట్టుకుని నిలబడి, “ఇందులో ఎవరు కాపురం ఉంటున్నారని రాశారమ్మాయ్, పిల్లులా?” అంది. ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను.

రాత్రి ఇంట్లో దాని మీదే చర్చ. “కట్టేస్తే ఒప్పుకున్నట్టే. ముందు తేల్చమను, తర్వాత కడదాం” అంటారు మా ఆయన. ఎదురింటి బాబాయిగారిదీ అదే మాట. కానీ ఆయన అలాగే పంతం పట్టి రెండేళ్లు కట్టకుండా కూర్చుంటే వచ్చిన బాకీ కాగితం నేను చూశాను. నెలకి 2 శాతం వడ్డీ. ఏడాదికి 24. ఇంటి లోను కూడా నయం. అర్జీ ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పరు, వడ్డీ మాత్రం తేలేదాకా ఆగదు. అదే ఏప్రిల్ 30 లోపు ఏడాదిది ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు, అంటే 393 రూపాయలు. కట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ వేరన్నది కాగితం మీద ఉంటే చాలు. ఇదీ నా వాదన. మా ఆయన “నీ ఇష్టం” అన్నారు. అంటే తేడా వస్తే నా పూచీ అన్నమాట.

పొద్దున కౌంటర్ దగ్గర కట్టడం అయిదు నిమిషాల్లో అయిపోయింది. అసెస్‌మెంట్ నంబరు చెప్పాను, 7,467 ఫోన్‌పే చేశాను, రసీదు చేతికొచ్చింది. నువ్వెవరు, ఆయనకేమవుతావు అని ఎవరూ అడగలేదు. ‘అభ్యంతరంతో చెల్లింపు’ అని రసీదు మీద రాసివ్వమన్నాను.

“అట్లాంటి గడి లేదు మేడమ్. సిస్టమ్‌లో ఏముంటే అదే ప్రింటవుతుంది.”

మర్యాదగానే చెప్పాడు పాపం.

పక్క టేబుల్‌కి వెళ్లి అర్జీ ఇస్తే అక్కడ పడింది అసలు ముడి. యజమాని సంతకం కావాలట. మామయ్యగారు పోయి ఆరేళ్లయింది. పేరు మార్పించుకోకపోవడం మా బద్ధకమే, దానికి ఎవర్నీ అనడానికి లేదు. కానీ ఒళ్లు మండింది. “నోటీసు పంపడానికి, డబ్బు కట్టించుకోవడానికి ఆయన లేకపోయినా ఫర్వాలేదు గానీ, తప్పని చెప్పడానికి మాత్రం ఆయనే రావాలా అండీ?” అన్నాను. గుమస్తా నవ్వేశాడు. నవ్వాక కాస్త మెత్తబడి, భార్య సంతకం పెట్టి మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సు జతచేస్తే తీసుకుంటానన్నాడు.

మళ్లీ ఇంటికి. బిస్కెట్ల డబ్బాలోంచి సర్టిఫికెట్టు తీసి, అత్తయ్యని స్కూటీ వెనకాల కూర్చోబెట్టుకుని, దారిలో జిరాక్సు తీయించి మళ్లీ ఆఫీసుకి. ఎందుకైనా మంచిదని మామయ్యగారి రసీదుల తీగ కూడా పట్టుకొచ్చింది అత్తయ్య. ఇల్లు కట్టిన ఏడాది నుంచీ ఒక్కటి కూడా పోకుండా గుచ్చి ఉన్నాయి. అడుగున ఉన్నవి చేత్తో రాసినవి, కార్బన్ అక్షరాలు వెలిసిపోయాయి. గుమస్తా వాటి వంక చూడనైనా లేదు. తీగ తుప్పు మాత్రం చీరకి అంటుకుంది.

ఎండలో స్కూటీ మీద వస్తూ ఒక వాక్యం తట్టింది. రసీదులో గడి లేకపోతేనేం, అర్జీలో చోటుంది కదా. రసీదు నంబరు వేసి, ‘ఈ మొత్తాన్ని అభ్యంతరానికి లోబడి చెల్లించాము. కొలతలు సరిచేశాక ఎక్కువగా తేలిన సొమ్మును రాబోయే పన్నులో సర్దుబాటు చేయగలరు’ అని చివర్లో చేత్తో రాశాను. అత్తయ్య చదివించుకుని విని, ఒక్కో అక్షరం పేర్చినట్టు సంతకం పెట్టింది.

అందినట్టు ముద్ర వేయించుకోవడానికి ఇంకో ముప్పావు గంట. భోజనాల టైమ్ అయింది, ముద్ర ఉన్నాయన బయటికెళ్లాడు, రేపు రండి అన్నారు. అత్తయ్య ఏమీ అనకుండా బల్ల మీద కూర్చుని రసీదుల తీగ ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ కదలదని అర్థమయ్యాక ముద్ర ఎలాగో దొరికింది. రెండో కాపీ మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను.

శుక్రవారం బిల్ కలెక్టర్ కొలతలకి వస్తాడట. సాయంత్రం షెడ్డు కాస్త సర్దుదామని పైకి వెళ్లి వడియాల పళ్లేలు తీయబోతే, కింద నుంచే కేకేసింది అత్తయ్య.

“వాటిని కదపకమ్మాయ్. ఆ అంతస్తులో ఎవరుంటున్నారో వచ్చి చూసుకోనీ.”