రీడింగ్ పక్కన ఏం రాసిపెట్టాలి? ఫిజిక్స్ పీహెచ్‌డీలో నా అనుభవం

నా పీహెచ్‌డీ అంశం పల్చటి లోహపు పొరలు. బాగా చల్లబరిచినప్పుడు వాటి విద్యుత్ నిరోధం ఎలా మారుతుందో కొలవడం నా పని. ల్యాబ్‌లో చేరిన కొత్తలో సొంతంగా కొలతలేవీ అప్పగించలేదు. పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్లిన ఒక సీనియర్ తీసిన రీడింగులు ఇచ్చి, వాటిని మళ్లీ విశ్లేషించమన్నారు. పరిశోధన డేటాను ఎలా చూసుకోవాలో నేర్చుకోవడం నాకు అక్కణ్నుంచే మొదలైంది.

ఆ సీనియర్ చాలా శ్రద్ధగా పనిచేసిన మనిషి. ఫైళ్లు తేదీలవారీగా ఉన్నాయి, గ్రాఫులు శుభ్రంగా ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా మూడు కాలమ్‌లు: సమయం, ఉష్ణోగ్రత, వోల్టేజీ. కానీ నాక్కావాల్సింది నిరోధం. దానికి శాంపిల్‌లోకి పంపిన కరెంటు ఎంతో తెలియాలి, లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌కి (చాలా చిన్న సంకేతాన్ని రొదలోంచి వేరుచేసి కొలిచే పరికరం) ముందు పెట్టిన ప్రీఆంప్లిఫయర్ గెయిన్ ఎంతో, అంటే అది వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచిందో తెలియాలి. గెయిన్ 100 అనుకుంటే ఒక జవాబు, 1000 అనుకుంటే అందులో పదో వంతు. మా ప్రీఆంప్లిఫయర్‌లో గెయిన్ మార్చేది చేత్తో తిప్పే నాబ్. కంప్యూటర్ దాన్ని చదవలేదు, అందుకే అది ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

ఫోన్ చేసి, "అన్నా, గెయిన్ ఎంత పెట్టేవాడివి?" అని అడిగాను. "ఎప్పుడూ వందే. ఆ సన్న శాంపిళ్లప్పుడు తప్ప. నోట్‌బుక్ చూడు, మార్జిన్‌లో రాసేవాణ్ని" అన్నాడు. నిజంగానే మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి ఉంది. ఏ పేజీ ఏ ఫైలుదో తేదీలు చూసి జత కలుపుకుంటూ కూర్చున్నాను.

గెయిన్ సంగతి తేలాక మా గైడ్ ఇంకో ప్రశ్న వేశారు: "ఈ వోల్టేజీ ఆర్‌ఎంఎస్సా, పీకా? మరి కరెంటో?" అటూ ఇటూ ఊగే ఏసీ సంకేతంలో పీక్ అంటే శిఖరం విలువ, ఆర్‌ఎంఎస్ అంటే ఒక రకం సగటు. లాక్-ఇన్‌లు మామూలుగా ఆర్‌ఎంఎస్ విలువ చూపిస్తాయి. కరెంటును మాత్రం కొందరు పీక్ విలువగా రాసుకుంటారు. రెంటికీ తేడా 1.414 రెట్లు. ఆర్‌ఎంఎస్ వోల్టేజీని పీక్ కరెంటుతో భాగిస్తే నిరోధం దాదాపు 29 శాతం తక్కువ వస్తుంది. గ్రాఫు ఆకారం అణువంత కూడా మారదు కాబట్టి కంటితో చూసి పట్టుకోలేం. అంకెలన్నీ భద్రంగా ఉండి, వాటి అర్థం మాత్రం ఒక మనిషి జ్ఞాపకంలో ఉండిపోతే ఆ డేటా సగమే ఉన్నట్టు. ఇది నాకు బాగా మనసుకు పట్టింది.

నా సొంత కొలతలు మొదలయ్యేసరికి కొలిచే ప్రోగ్రామ్‌నే మార్చేశాను. ఫ్రీక్వెన్సీ, టైమ్ కాన్‌స్టెంట్, సెన్సిటివిటీ లాంటి లాక్-ఇన్ సెట్టింగుల్ని పరికరం నుంచి అదే చదివి ఫైలు తలకట్టులో రాస్తుంది. గెయిన్ ఎంత, ఏ తీగ ఏ కాంటాక్టుకు వెళ్లింది, ఫిల్టర్ ఉందా లేదా, అసలీ కొలత ఎందుకు తీస్తున్నాం లాంటివి కంప్యూటర్‌కి తెలిసే వీల్లేదు. వాటిని నన్ను అడుగుతుంది. జవాబులు నింపనిదే కొలత మొదలుకాదు. మొదట్లో విసుగ్గానే అనిపించేది. కానీ ఆ క్షణంలో ఒక్క నిమిషం పట్టే పని, ఏడాది తర్వాత రోజంతా వెతికినా తేలకపోవచ్చు. ఇదంతా హెచ్‌డీఎఫ్5 ఫార్మాట్‌లో దాచుకుంటున్నాను. అంకెలూ, వాటి యూనిట్లూ, ఈ వివరాలూ ఒకే ఫైల్లో కలిసి ఉంటాయి, విడిపోవు.

కొత్తగా చేరినవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట థర్మామీటర్ గురించి. చల్లటి చోట్ల వాడే మా సెన్సర్ నిజానికి ఒక రెసిస్టర్. కంట్రోలర్ దాని ఓములు చదివి, కాలిబ్రేషన్ పట్టిక చూసి, కెల్విన్‌లోకి మార్చి మనకిస్తుంది. చాలామంది ఆ కెల్విన్ ఒక్కటే దాచుకుంటారు. రేపు ఆ సెన్సర్‌ని మళ్లీ కాలిబ్రేట్ చేస్తే పట్టిక మారుతుంది. పాత రీడింగుల్ని కొత్త పట్టికతో సరిదిద్దాలంటే ఓములు కావాలి. అందుకే ఓములూ, కెల్వినూ, వాడిన పట్టిక ఏదన్నదీ మూడూ రాసిపెట్టాలి.

ముడి డేటా ఫోల్డర్‌ని ఎవరూ మార్చలేకుండా, చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టాను. అక్కణ్నుంచి చివరి గ్రాఫు దాకా ప్రతి అడుగూ ప్రోగ్రామ్‌తోనే నడుస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఏ రూపంలో ఉన్నప్పుడు ఏ గ్రాఫు వచ్చిందో, ప్రోగ్రామ్‌లో చేసిన మార్పులన్నీ నమోదుచేసే గిట్‌లో ఉంటుంది. శాంపిల్‌ని చల్లబరిచే హీలియం నింపుతున్నప్పుడు వచ్చే కుదుపుల్లాంటి చెడ్డ పాయింట్లను ఏం చేయాలన్నది నన్ను చాలాకాలం వేధించింది. దారి చూపింది గురుత్వ తరంగాల డేటా. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో ప్రయోగశాల పట్టుకున్న తొలి తరంగం డేటాను, 2016 ఫిబ్రవరిలో ఆ ఆవిష్కరణను ప్రకటించినప్పుడే అందరికీ తెరిచిపెట్టారు. సెకనుకు 4096 శాంపిళ్ల ఫైలు దించుకుని చూస్తే, తరంగం అంకెలతో పాటు ప్రతి సెకనుకూ ఆ డేటా నాణ్యత చెప్పే గుర్తులు కూడా అందులోనే ఉన్నాయి. నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. ఇప్పుడు ఏ పాయింటునూ తీసెయ్యను. పక్క కాలమ్‌లో గుర్తు పెట్టి కారణం రాస్తాను. నా నిర్ణయం నచ్చనివాళ్లు ఆ గుర్తు పక్కనపెట్టి వాళ్లే లెక్క కట్టుకోవచ్చు.

ఫైలు పేర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు: ఏడాది, నెల, తేదీ అన్న వరసలో రాస్తే వాటంతటవే వరసలో కూర్చుంటాయి. సమయానికి మాత్రం యూటీసీ (ప్రపంచమంతటా ఒకటే ఉండే ప్రామాణిక సమయం) వాడటం మేలు. శాంపిల్‌ని చల్లగా ఉంచే క్రయోస్టాట్ లాగర్ ఒక గడియారంతో, కొలిచే కంప్యూటర్ ఇంకో గడియారంతో నడిస్తే రెండు ఫైళ్లూ కలపడం తలనొప్పి.

బ్యాకప్‌కి అందరూ చెప్పే సూత్రమే నాదీ: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. క్లౌడ్‌తో సింక్ అవుతోంది కదా అని ధీమాగా ఉండకూడదు, ఎందుకంటే ఇక్కడ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ తీసి ఉంచుకుంటాను; ఫైల్లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు అంకె అది. అప్పుడప్పుడు బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, నిజంగా తెరుచుకుంటుందో లేదో చూస్తాను.

ఇంత కష్టం ఎవరి కోసమని అడిగేవాళ్లకు జేడ్ ప్రయోగం గురించి చెబుతాను. జర్మనీలోని డెజీ ప్రయోగశాలలో అది 1979 నుంచి 1986 దాకా నడిచింది. ఎలక్ట్రాన్ పాజిట్రాన్ తాకిడుల్లో అప్పటి యంత్రం శక్తుల దగ్గర తీసిన కొలతలు తర్వాతి పెద్ద యంత్రాల నుంచి రావు. సిద్ధాంతం మెరుగుపడ్డాక, ప్రయోగం ఆగిన ఎన్నో ఏళ్లకు, పరమాణు కేంద్రకాన్ని కట్టి ఉంచే ప్రబల బలం శక్తితో పాటు ఎలా మారుతుందో తేల్చడానికి ఆ పాత డేటానే మళ్లీ తీశారు. దానికోసం పాత సాఫ్ట్‌వేర్‌ని కూడా కొత్త కంప్యూటర్ల మీద బతికించుకోవాల్సి వచ్చింది. ఇది చదివాకే ముఖ్యమైన ఫలితాలను సాదా టెక్స్ట్ ఫైళ్లుగా కూడా దాచడం మొదలుపెట్టాను.

మొదటి పేపర్ పంపేముందు డేటాని జెనోడోలో పెట్టాలనుకున్నాం. సెర్న్ 2013 నుంచి నడుపుతున్న భాండాగారం అది. పెట్టిన డేటాకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, పేపర్‌లాగే దాన్నీ ఉటంకించవచ్చు. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు కోరేది కూడా ఇదే: డేటా వెతికితే దొరకాలి, అందుబాటులో ఉండాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ పనికిరావాలి. ఈ నాలుగో మాట కాగితం మీద చదివితే తేలిగ్గా ఉంటుంది గానీ, నిజమో కాదో మనంతట మనం చెప్పలేం. అందుకే పక్క గ్రూపులోని ఒక స్నేహితురాలికి ఫోల్డరూ, అందులోని డేటా వివరాలు రాసిన రీడ్‌మీ ఫైలూ ఇచ్చి, నన్నేమీ అడగకుండా పేపర్లోని రెండో గ్రాఫు గీసి చూపించమన్నాను. గ్రాఫు వచ్చింది. కానీ ఒకచోట ఆగిపోయి అడగక తప్పలేదట: శాంపిల్ మందం నామమాత్రపు విలువా, కొలిచిందా? కొలిచిన విలువే అది. ఏ పద్ధతిలో కొలిచామో, అనిశ్చితి ఎంతో రీడ్‌మీలో చేర్చి, ఆ తర్వాతే అప్‌లోడ్ చేశాను.