వీటీలో బావ కోసం వెయిటింగ్

ముంబై ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళా కానీ సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్, పాత పేరు విక్టోరియా టెర్మినస్, అంటే వీటీ) స్టేషన్‌ని తల పైకెత్తి చూసింది ఈసారే, అది కూడా ప్లానేం కాదు. హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్ తెల్లారకముందే దింపేసింది, రావాల్సిన మా బావ ఫోనేమో స్విచాఫ్, అమ్మేమో "వాడు లేచేదాకా ఇక్కడే కూర్చుందాంలే" అని బ్యాగుకి ఆనుకుని కాళ్ళు చాపేసింది.

అమ్మని ముందు ఆశ్చర్యపరిచింది బిల్డింగ్ కాదు, పట్టాలు అయిపోవడం. విజయవాడలో బండి ఇటొచ్చి అటు పోతుంది కదా, ఇక్కడ ఎదురుగా బఫర్ అడ్డం, వచ్చిన దారినే వెనక్కి పోవాల్సిందే. "ఇక్కడితో దేశం అయిపోయిందేంట్రా" అంది. ఒకరకంగా మొదలైంది కూడా ఇక్కడే మరి, 1853 ఏప్రిల్ 16న ఠాణేకి 34 కిలోమీటర్లు వెళ్ళిన మన మొదటి ప్యాసింజర్ రైలు బయల్దేరింది ఇక్కడి పాత స్టేషన్ బోరీ బందర్ నుంచే. ఇప్పుడున్న బిల్డింగ్ తర్వాతది, స్టీవెన్స్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్, 1878లో మొదలుపెడితే పదేళ్ళు పట్టింది.

వెలుగొచ్చాక లోకల్స్ వైపు నడిచాం. దూరప్రాంతం బళ్ళకి 8 నుంచి 18 దాకా ప్లాట్‌ఫాంలు, లోకల్స్‌కి 1 నుంచి 7. లోకల్ ఇంకా పూర్తిగా ఆగకముందే జనం సీటు కోసం దూకేస్తున్నారు, అమ్మ నా చెయ్యి వదల్లేదు.

బయటికొచ్చి రోడ్డవతల నుంచి చూస్తే అసలు సంగతి తెలిసింది. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం అంటే బ్రిటన్, రెండోవైపు పులి అంటే మనం. గోడ మీద పురి విప్పిన నెమలి, ఈకల్లో కళ్ళు కూడా రాతిలోనే చెక్కారు, ఈ పనిలో ముంబైలోని జేజే ఆర్ట్ స్కూల్ స్టూడెంట్స్ చెయ్యి కూడా ఉంది. డోమ్ మీద కాగడా పట్టుకున్న ఆవిడని అమ్మ విక్టోరియా రాణి అనుకుంది, కాదు, ఆవిడ 'ప్రగతి'. రాణిగారి విగ్రహం గడియారం కింద గూట్లో ఉండేది, స్వాతంత్ర్యం వచ్చాక తీసేశారు, గూడు మాత్రం ఇప్పటికీ ఖాళీయే. నాకు బిల్డింగ్ మొత్తంలో నచ్చింది ఆ ఖాళీ గూడే, ఎందుకో చెప్పలేను. 1996లో పేరు ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది, 2017లో 'మహరాజ్' కూడా కలిపారు, అయినా టాక్సీవాళ్ళ నోట్లో ఇంకా వీటీయే.

ఏడున్నరకి వచ్చాడు బావ. పదిహేనేళ్ళుగా ఆఫీసుకి రోజూ ఇక్కడే లోకల్ దిగుతాడు. అమ్మ ఉత్సాహంగా నెమలి సంగతి చెప్తే "నెమలా? ఎక్కడత్తా?" అన్నాడు.