సౌదీ వెళ్లాలంటే ముందు ఇక్కడి ఆసుపత్రి వదలాలి కదా!

నిన్న సాయంత్రం డేటాఫ్లో (మన సర్టిఫికెట్లు అసలువో కాదో చూసే కంపెనీ) రిపోర్టు పాజిటివ్ అని, అంటే అన్నీ నిజమేనని వచ్చింది. సౌదీలో స్టాఫ్ నర్సుగా చేరడానికి ఇన్నాళ్లూ నాకు అడ్డం పడ్డది ఇదొక్కటే. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

పాస్‌పోర్టు మర్రిపాలెంలో హాయిగా అయిపోయింది. అక్కడ నర్సు లైసెన్సుకి రాయాల్సిన ప్రోమెట్రిక్ పరీక్ష మొదటిసారే పాసయ్యాను. ఐసీయూలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసినవాళ్లకి ఆ ప్రశ్నలు ఒక లెక్కా?

డేటాఫ్లో వాళ్లు మన మాట నమ్మరు. చదువు, రిజిస్ట్రేషన్, అనుభవం అన్నీ నిజమో కాదో ఇచ్చినవాళ్లనే నేరుగా అడుగుతారు. కాలేజీ జవాబిచ్చింది, నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చింది. వైజాగ్‌లో నేను పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రి మాత్రం మెయిల్‌కి ఉలకదు, పలకదు. పైగా చేరిన రోజు వెరిఫికేషన్ పేరుతో తీసుకున్న నా ఒరిజినల్స్ వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

హెచ్ఆర్ గది బయట పొద్దున్నుంచి కూర్చోబెట్టి, భోజనాల తర్వాత పిలిచారు. లోపల జాయినింగ్‌కి వచ్చిన కొత్తమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఆ సారు నా ఫైలు తెరిచి, టెన్త్ మెమో మీద టీ గ్లాసు పెట్టి, "పని నేర్పేది మేమూ, లాభం అరబ్బులకా సిస్టర్? మూడు నెలల జీతం కట్టి పట్టుకెళ్లండి" అన్నాడు. ఇన్నాళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండ్ గడువు ఎప్పుడో తీరిపోయింది సార్ అంటే, ఆ అమ్మాయిల వైపు తిరిగి "ఇలాంటివాళ్లని చూసి నేర్చుకోకండి" అన్నాడు. నేను గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాను. తీయమని అడగడానికి నోరు రాలేదు.

సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. ఆ మాట రాసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. రసీదు జెరాక్స్ హెచ్ఆర్ టేబుల్ మీద పెట్టాక ఫైలూ కదిలింది, మెయిలూ వెళ్లింది. బతిమాలుతూ తిరగకండమ్మా, కాగితం పెట్టండి.

ఆ హెచ్ఆర్ సారు మాటలో నిజం అసలు లేదనను. జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు ఉండాలంటారు. మా దగ్గర అందుకు రెట్టింపు పైనే. నేను మానేస్తే ఆ భారం నా వెనక పిల్లల మీదే పడుతుంది. సొంతానికే డాక్టర్లూ నర్సులూ సరిపోని 55 దేశాల జాబితా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చింది, అక్కడికెళ్లి ఎగబడి తెచ్చుకోకండని. అందులో ఇండియా లేదు. సరే, అంత బాధ ఉంటే జీతం పెంచొచ్చు కదా? 2024లో విదేశాల నుంచి మనవాళ్లు పంపింది సుమారు 12,900 కోట్ల డాలర్లట, ఏ దేశానికీ అంత రాలేదు. పొగడటానికి మాత్రం అందరూ ముందుంటారు.

ఇంకో మంట గోపాలపట్నంలో మా వీధిది. నాలుగేళ్ల పాపని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్తావా అని ప్రతి ఒక్కరూ అడిగేవాళ్లే. పాప పుట్టేనాటికి మా ఆయన ఒమన్‌లో వెల్డర్. అప్పుడు ఆయన్ని ఒక్కరైనా అడిగారా? పాప గురించి నాకు దిగులు లేదని కాదు. అది వీళ్లకి చెప్పుకునేది కాదు.

ఏజెంట్ల సంగతి కూడా చెప్పాలి. కువైట్ నర్సుల నియామకాల్లో 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు గుంజిన కేసు కేరళలో బయటపడింది. 2015లోనే కేంద్రం సౌదీతో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులందరికీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి) తప్పనిసరి చేసి, నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలంది. మన రాష్ట్రానికి విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, నా ఫైలు అక్కడే ఉంది. ద్వారకానగర్‌లో ఒకాయన మాత్రం "ఇవన్నీ ఎందుకమ్మా, విజిట్ వీసా మీద పంపేస్తాను, అక్కడికెళ్లాక మార్పించుకోవచ్చు" అన్నాడు. అలా వెళ్లి ఇరుక్కుంటే మనం ఉద్యోగానికి వెళ్లినట్టు ఇక్కడ ఏ రికార్డులోనూ ఉండదు. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను. అయినా ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.