ఏవ్‌బరీ కందకం గట్టు మీద

మొన్న శనివారం మా అమ్మాయిని తీసుకుని ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీ వెళ్లొచ్చాను, వేల ఏళ్ల నాటి నిలువురాళ్ల వలయం ఉన్న ఊరు. స్విండన్‌లో 49 నంబర్ బస్సెక్కితే నేరుగా రాళ్ల వలయం లోపలే దిగుతాం, ఎందుకంటే ఊరు సగం ఆ వలయంలోనే ఉంది. నిలువురాళ్లు, వాటి మధ్య మేసే గొర్రెలు, ఇళ్లు, పబ్బు, అడ్డంగా కార్లు పోయే రోడ్డు. అక్కడిదే ఇంకో పాత రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌లోలా దూరం నుంచి చూసి రానక్కర్లేదు, రాయి మీద చెయ్యి వేసి నిలబడొచ్చు.

మేం వెళ్లింది జియోక్యాషింగ్‌కి. ఎవరో ఒక డబ్బా దాచి అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, మనం జీపీఎస్‌తో వెతికి, లోపలి కాగితంలో పేరు రాసి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టేయాలి. 2000 మే నెలలో అమెరికా మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలని ఉంచిన తేడాను తీసేసింది, ఆ వారంలోనే ఒరెగాన్‌లో ఈ ఆట పుట్టింది. అయితే ఇలాంటి రక్షిత స్థలాల్లో డబ్బాలు దాచకూడదు, తవ్వడం మాట అసలే వద్దు. అక్కడ కనిపించేవి లెక్కపెట్టి, ఆ అంకెలతో డబ్బా ఉన్న చోటు తేల్చుకోవాలి. మాకొచ్చిన ప్రశ్న, గేటు నుంచి రోడ్డు దాకా సిమెంటు దిమ్మలెన్ని అని.

ఆ దిమ్మలు రాళ్లు పోయిన చోట్లు. బయటి వలయంలో ఒకప్పుడు వంద దాకా రాళ్లుండేవట. కొన్నిటిని మధ్యయుగాల్లో పూడ్చేశారు, 18వ శతాబ్దంలో కొన్నిటిని మంటపెట్టి కాల్చి, నీళ్లు పోసి, పగలగొట్టి ఇళ్లకు వాడుకున్నారు. 1930ల్లో అలెగ్జాండర్ కీలర్, మార్మలేడ్ వ్యాపారం చేసే కుటుంబం ఆయనది, పూడిన రాళ్లను పైకి తీసి నిలబెట్టించి, దొరకని వాటి గుంతల్లో ఈ దిమ్మలు పెట్టించాడు. 1938లో ఒక రాయి కింద మనిషి ఎముకలు కూడా దొరికాయి, పక్కన కత్తెర, 14వ శతాబ్దం నాటి నాణేలు. ఇదంతా చెప్తుంటే మా అమ్మాయి ఒక పాత ఇంటి గోడ చూసి, "అయితే నాన్నా, ఈ గోడని కూడా లెక్కపెట్టాలి కదా" అంది. నాకు చాలాసేపు అదే మాట మనసులో తిరిగింది.

కానీ నన్ను పట్టేసింది రాళ్లు కాదు, కందకం. లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చి గట్టు మీద నడిచాం కాబట్టి సరిగ్గా చూశాను, లేకపోతే ఫోటోలు తీసుకుని వచ్చేసేవాణ్ణి. చుట్టూ కిలోమీటరు పైనే ఉంటుంది. ఇప్పుడు సగానికి పైగా పూడిపోయి గడ్డి పట్టింది గానీ, తవ్వినప్పుడు దాదాపు 9 మీటర్ల లోతు. అదీ గట్టి సుద్దనేలలో! ఇనుమన్నది లేని కాలం, నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మాట, దుప్పికొమ్ములతో పొడిచి పొడిచి, గంపల్లో మోసి పైకి చేర్చి ఈ గట్టు వేశారు. కొత్తగా తవ్వినప్పుడు మొత్తం తెల్లగా మెరిసి ఉంటుంది. ఎవరైనా వెళ్తే దయచేసి కంచె వేసిన చోట గట్టెక్కకండి, అడుగులకే అరిగిపోతోంది.

డబ్బా ఊరు దాటాక, పొలాల మధ్య కాలిబాట పక్కన దొరికింది.

తిరుగు బస్సులో అమ్మాయికి ముడుమాల్ నిలువురాళ్ల గురించి చెప్పాను. మా అత్తగారిది నారాయణపేట వైపు, ఆ జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్నాయవి, పద్నాలుగడుగుల ఎత్తు దాకా. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఇన్నేళ్లుగా అత్తారింటికి వెళ్తూ ఒక్కసారీ అటు పోలేదు, అది నాకు నిజంగా బాధగా ఉంది. రాత్రే ఫోన్ చేసి అడిగితే అత్తయ్య అంది, "పొద్దుగాల్నే పోర్రి, ఎండెక్కితే రాళ్లు కాల్తయ్."