ఫిన్లాండ్‌లో నర్సింగ్ చదువు: బిల్లు రాదు, ఎవరూ గుర్తు చెయ్యరు

ఫిన్లాండ్‌లో నర్సింగ్ చదువుతున్నానంటే మా ఖమ్మంలో ఎవరైనా మొదట అడిగేది, "అక్కడ చదువు ఫ్రీ అంట కదా?" అని. కాదండీ. ఒకప్పుడు అందరికీ ఫ్రీనే. 2017 నుంచి యూరప్ బయటి దేశాల వాళ్ళు ఇంగ్లీషులో నడిచే డిగ్రీకి ఫీజు కట్టాల్సిందే. ఏడాదికి కనీసం 1,500 యూరోలు అని చట్టంలో ఉండేది గానీ, ఆ రేటుకి సీటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. నా కోర్సు లాంటివాటికి పదివేల యూరోలకు అటూ ఇటూగా అవుతుంది. పూర్తిగా ఫిన్నిష్ భాషలో చదివేవాళ్ళకి ఇప్పటికీ ఫీజు లేదు. ఇంటర్ బైపీసీ చేసి నేరుగా వచ్చే మనలాంటి వాళ్ళకి ఆ సంగతి తెలిసీ ఉపయోగం లేదు.

రెండో ప్రశ్న, "నర్సులకు అక్కడ తెగ గిరాకీ అంట కదా?" దాని సంగతి తర్వాత చెప్తాను, అది కాస్త పెద్ద కథ.

ఇక్కడ పై చదువుకి రెండు రకాల సంస్థలున్నాయి. ఒకటి యూనివర్సిటీ, రెండోది అప్లైడ్ సైన్సెస్ కాలేజీ. దీన్ని అందరూ ఏఎంకే అంటారు. నర్సింగ్ ఉండేది ఏఎంకేలోనే. దీన్ని పాలిటెక్నిక్ అన్నా మన డిప్లొమా లాంటిది కాదు, ఇచ్చేది డిగ్రీనే. మూడున్నరేళ్ళు, 210 క్రెడిట్లు. జనవరి మొదట్లో రెండు వారాల పాటు ఉమ్మడి అప్లికేషన్ తెరుస్తారు. స్టడీఇన్ఫో అనే ప్రభుత్వ సైట్‌లో ఒకే ఫారంలో ఆరు కోర్సుల దాకా పెట్టుకోవచ్చు. నేను 2024 జనవరిలో పెట్టాను, అప్పుడు రూపాయి ఖర్చు లేదు. ఆ మరుసటి ఏడాది చేరేవాళ్ళ నుంచి మనలాంటి దేశాలవాళ్ళకి 100 యూరోల అప్లికేషన్ ఫీజు పెట్టారు. ఆ తర్వాత ఎంట్రన్స్. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసేదే. ఇంగ్లీషు, లెక్కలు, లాజిక్ ఉంటాయి. ఎంసెట్ బయాలజీ కోసం పడ్డ కష్టంలో పావు వంతు కూడా పడలేదు. దీనికి కన్సల్టెన్సీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హైదరాబాద్‌లో ఒకాయన ఈ ఫారం నింపడానికే లక్ష అడిగాడు.

అసలు కష్టం రెసిడెన్స్ పర్మిట్ దగ్గర మొదలైంది. మొదటి ఏడాది ఫీజు ముందే కట్టేసి, ఆ రసీదుతో మిగ్రికి, అంటే ఇక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకి, ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. ఖర్చుల కోసం నెలకు 800 యూరోల చొప్పున ఏడాదికి 9,600 యూరోలు చూపించాలి. 2023 దాకా అది నెలకు 560 ఉండేది, నేను వచ్చిన ఏడాదే పెరిగింది. మన లెక్కలో ఎనిమిదిన్నర లక్షల పైమాటే. అది కూడా నా పేరు మీదున్న అకౌంట్‌లోనే ఉండాలి. నాన్న అకౌంట్, మామయ్య అఫిడవిట్ చెల్లవు. నాన్న ఆర్టీసీలో కండక్టర్. పీఎఫ్‌లోంచి కొంత తీసి, చిట్టీ పాడి, మిగతాది ఎడ్యుకేషన్ లోన్ పెట్టారు. అంత డబ్బు ఒక్కసారిగా నా అకౌంట్‌లో పడితే ఎక్కడిదని అడుగుతారు కాబట్టి పీఎఫ్ కాగితాలు, చిట్టీ రసీదు, లోన్ శాంక్షన్ లెటర్ అన్నీ ఇంగ్లీషులో జత చేశాం. వేలిముద్రలకు ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చింది. ఖమ్మం నుంచి రైల్లో నాన్నా నేనూ వెళ్ళొచ్చాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఫండ్స్ మేం చూపిస్తాం, పర్మిట్ రాగానే తీసేసుకుంటాం" అనే బ్రోకర్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2022 ఏప్రిల్ నుంచి పర్మిట్‌ని ఏడాదికోసారి కాకుండా చదువు మొత్తానికీ ఒకేసారి ఇస్తున్నారు. అందుకని చాలామంది ఇక ఎవరూ చూడరులే అనుకుంటున్నారు. కానీ మధ్యలో తనిఖీ చేసే హక్కు మిగ్రికి ఉంది, చేస్తున్నారు కూడా. అకౌంట్ ఖాళీగా ఉండి, క్రెడిట్లు లేకుండా దొరికితే పర్మిట్ పోతుంది.

ఆగస్టు చివర్లో నా కాలేజీ ఉన్న ఊరు యువాస్కులాలో దిగాను. హెల్సింకి నుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు. ఊరు మధ్యలోనే చెరువు కాదు, సరస్సు. రాత్రి ఎనిమిదిన్నరకి కూడా వెలుతురే. సీనియర్ ట్యూటర్ ఒకమ్మాయి హాస్టల్ రూం తాళాలు తెచ్చిచ్చింది. హాస్టల్ అంటే మన హాస్టల్ లాంటిది కాదు. ముగ్గురికి ఒక ఫ్లాట్, ఎవరి గది వాళ్ళది, వంటిల్లు అందరిదీ. గదిలో మంచం లేదు, కర్టెన్ లేదు, పైన లైటు కూడా లేదు! సీలింగ్‌కి ఒక ప్లగ్గు మాత్రం వేలాడుతోంది. ఇక్కడ అద్దెకుండేవాళ్ళు లైటు కూడా వెంట తెచ్చుకుంటారట. ఆ రాత్రి ఫోన్ టార్చితో గడిపి, మర్నాడు పాత సామాన్ల దుకాణంలో మంచం, దీపం కొన్నాను.

అప్పుడు మొదలయ్యాయి చిన్న చిన్న పనులు. ఇక్కడి పద్ధతి తెలిసింది కూడా అప్పుడే. మన దగ్గర కాలేజీ ఫీజు కట్టకపోతే నోటీసు బోర్డు మీద పేరు పెడతారు, క్లాసులోంచి బయటికి పంపుతారు, ఇంటికి ఫోన్ చేస్తారు. ఇక్కడ ఎవరూ మన వెంట పడరు. స్టూడెంట్లందరూ టర్మ్‌కోసారి కేలాకి, అంటే ఇక్కడి ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థకి, హెల్త్ ఫీజు కట్టాలి. దానికి బిల్లు రాదు. రాదంటే అసలు రాదు! మనమే గుర్తు పెట్టుకుని, మనమే సైట్‌లోకి వెళ్ళి కట్టుకోవాలి. గడువు దాటిందా, అప్పుడు మాత్రం ఆలస్య రుసుముతో కాగితం వస్తుంది. ప్రతి సంవత్సరం "ఈ ఏడాది చదువుతున్నాను" అని కాలేజీ సిస్టమ్‌లో నమోదు చేసుకోవాలి, చేసుకోకపోతే సీటే పోతుంది. ఉద్యోగం దొరికితే ట్యాక్స్ కార్డు మనమే తెచ్చివ్వాలి, లేకపోతే పన్ను కింద జీతంలో 60 శాతం పట్టుకుంటారు. సమ్మర్ ఉద్యోగాలకి జనవరిలోనే అప్లై చెయ్యాలి. మే నెలలో వెతికితే ఏమీ మిగలదు. ఇవన్నీ నాకు చెప్పింది అదే కోర్సులో ఉన్న నెల్లూరు అక్క. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో.

వీటన్నిటికీ బ్యాంకు కోడ్లు కావాలి. ఏ ప్రభుత్వ సైట్ తెరవాలన్నా మనం మనమేనని బ్యాంకు లాగిన్‌తోనే రుజువు చేసుకోవాలి. ఆ అకౌంట్ తెరవడానికి వారాలు పట్టింది. ఆ టెన్షన్ తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చదువు దగ్గరికొస్తే, టీచర్లను పేరు పెట్టి పిలవాలి. సార్, మేడమ్ అంటే నవ్వుతారు. మార్కులు సున్నా నుంచి అయిదు దాకా. క్లాసులో చెప్పేది తక్కువ, ఇంట్లో చదువుకోవాల్సింది ఎక్కువ. ఒక క్రెడిట్ అంటే 27 గంటల పని అని లెక్క. మందుల మోతాదు లెక్కల పరీక్ష ఒకటి ఉంటుంది, అందులో నూటికి నూరు రావాలి. ఒక్కటి తప్పినా ఫెయిలే. మందు పది రెట్లు ఎక్కువ ఎక్కించి "తొంభై తొమ్మిది శాతం కరెక్ట్" అంటే కుదరదు కదా, న్యాయమే.

మధ్యాహ్నం క్యాంటీన్లో కేలా సబ్సిడీతో తక్కువ ధరకే భోజనం. సలాడ్, రొట్టె, పాలు కూడా అందులోనే. గురువారం దేశమంతా బఠాణీల సూపే, తర్వాత పాన్‌కేక్, జామ్. కారం సంగతి అడక్కండి. నా బ్యాగులో ఎప్పుడూ కారప్పొడి సీసా ఉంటుంది.

ఈ కోర్సులో అసలు సంగతి ప్రాక్టికల్స్. క్లాసులు ఇంగ్లీషులో, వార్డులు మాత్రం ఫిన్నిష్‌లో. ఈ ఒక్క ముక్క ఏ బ్రోషరూ పెద్ద అక్షరాల్లో రాయదు. ప్రాక్టికల్స్‌కి సీటు కూడా మనమే పట్టుకోవాలి. యోబీలి అనే సైట్‌లో ఫలానా రోజు, ఫలానా గంటకి ఖాళీలు తెరుస్తారు. తత్కాల్ టికెట్ బుక్ చేసిన అనుభవం నాకిక్కడ పనికొచ్చింది. అంతా ముందే లాగిన్ అయ్యి వేలు మౌస్ మీద పెట్టుకుని కూర్చుంటారు. సిటీ హాస్పిటల్ వార్డులు నిమిషాల్లో అయిపోతాయి.

నాకు మొదటిది వృద్ధాశ్రమంలో దొరికింది. ఉదయం ఏడింటికి షిఫ్టు. నాకిచ్చిన పెద్దావిడకి తొంభై దాటాయి. కాళ్ళలో నీరు దిగకుండా బిగుతు మేజోళ్ళు వెయ్యాలి, అదీ మంచం దిగకముందే. మేజోడుని మడమ దాకా తిరగేసి, పాదం వేళ్ళు అందులో దూర్చి, రబ్బరు గ్లవ్స్ వేసుకున్న అరచేత్తో కొంచెం కొంచెంగా పైకి రుద్దుతూ తేవాలి. గోటితో లాగితే చర్మం చిరుగుతుంది, మడత పడితే పుండవుతుంది. మొదట్లో ఒక్కో కాలికి చాలాసేపు పట్టేది. ఆవిడ ఒక్క మాటా అనేది కాదు, కిటికీలోంచి మంచు చూస్తుండేది. ఇక్కడి వాళ్ళు మౌనంగా ఉంటే కోపమొచ్చిందని కాదు. అలా ఉండటం వాళ్ళకి మామూలే. ఒకరోజు హఠాత్తుగా అడిగింది: "మీ ఊళ్ళో సరస్సు గడ్డ కడుతుందా?" కట్టదన్నాను. "మరి చలికాలం ఎట్లా దాటతారు అవతలి ఒడ్డుకి?" అంది. క్లాసులో నేర్పిన ఫిన్నిష్‌కి వార్డులో మాట్లాడేదానికి చాలా తేడా, అయినా ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. మధ్యాహ్నం దాన్నే రోజువారీ నోట్‌లో "మాట్లాడారు, ఉత్సాహంగా ఉన్నారు" అని ఫిన్నిష్‌లో రాస్తే, నా గైడ్ నర్సు రెండు అక్షరాలు దిద్ది సంతకం పెట్టింది.

డిసెంబర్లో తొమ్మిదిన్నర దాటాక తెల్లారుతుంది, మూడు కాకముందే చీకటి పడుతుంది. షిఫ్టు ఉన్న రోజు సూర్యుడు కనబడడు. విటమిన్ డి బిళ్ళ అందరూ వేసుకుంటారు. కోటుకి మెరిసే రిఫ్లెక్టర్ తగిలించుకోవాలి, చీకట్లో నడిచేవాళ్ళు పెట్టుకోవాలని ఇక్కడ చట్టమే ఉంది. చలి కంటే నవంబరు బురదే నాకు ఎక్కువ చిరాకు.

ఇక గిరాకీ సంగతి. 2023 జనవరిలో ఆసుపత్రులు, ముసలివాళ్ళ సంరక్షణ మున్సిపాలిటీల చేతిలోంచి 21 ప్రాంతీయ సంక్షేమ సంస్థల చేతికి వెళ్ళాయి. హెల్సింకి నగరం విడిగా ఉంది. మొదటి రెండేళ్ళలో ఆ సంస్థలు చాలావరకు లోటులో పడి, ఖర్చు తగ్గించుకుంటూ వచ్చాయి. మొదట కోత పడింది తాత్కాలిక షిఫ్టుల మీదే, అంటే స్టూడెంట్లు చేసే పని మీదే. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, నర్సులు కావాలి, అది నిజం. కానీ కావాల్సింది ఫిన్నిష్ మాట్లాడే నర్సులు, వాళ్ళని పెట్టుకోవడానికి డబ్బు ఈ ఏడాది ఉందో లేదో వేరే సంగతి. మన పర్మిట్ మీద వారానికి సగటున 30 గంటలు పని చెయ్యొచ్చు, ప్రాక్టికల్స్‌కి ఆ లెక్క వర్తించదు. నాకు ఇప్పుడు అదే ఆశ్రమంలో కొన్ని వారాంతాలు దొరుకుతున్నాయి. ఆదివారం రెట్టింపు జీతం వస్తుంది కాబట్టి రూం అద్దె వెళ్ళిపోతుంది. ఫీజు మాత్రం లోన్‌తోనే. పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేద్దామనుకుని వచ్చినవాళ్ళు రెండో ఏడాదికి ఇబ్బంది పడటం నా కళ్ళతో చూశాను.

వచ్చే టర్మ్‌లో సర్జరీ వార్డు. ఆలోపు ఫిన్నిష్ ఇంకో మెట్టు ఎక్కాలి, టెలిఫోన్లో రిపోర్ట్ చెప్పాలంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి.

జనవరికి అప్లై చేద్దామనుకునేవాళ్ళు కోర్సు పేజీ చదివి ఆగిపోకండి. ఆ కాలేజీ అడ్మిషన్స్‌కి నేరుగా మెయిల్ రాసి మూడు సంగతులు అడగండి: ఎన్ని క్రెడిట్ల ఫిన్నిష్ నేర్పుతారు, ప్రాక్టికల్స్ ఆ ఊళ్ళోనే దొరుకుతాయా లేక వంద కిలోమీటర్లు పోవాలా, రెండో ఏడాది నుంచి స్కాలర్‌షిప్‌కి ఎన్ని క్రెడిట్లు కావాలి. విసుక్కోకుండా జవాబిస్తారు. ఒక్క జులైలో మాత్రం రాయకండి, ఆ నెల దేశం మొత్తం సెలవులో ఉంటుంది.