బ్రేకు ముందే పడితే నాకు పనుండదు

నేను మోటారు బీమా సర్వేయరును. ఇల్లు విజయనగరంలో, పని మాత్రం భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి పొడుగునా, ఇటుపక్క సాలూరు వరకూ. గుద్దుకున్న బండి దగ్గరికి వెళ్లి ఏ భాగం పోయింది, ఏది బాగుపడుతుంది, కంపెనీ ఎంత కట్టాలి అని రాసివ్వాలి. అందుకని ఎవరైనా తమ కొత్త కారుకు అడాస్ ఉందని గొప్పగా చెబితే, దానివల్ల నా దగ్గరికి రాకుండా పోయే బండ్లు ఎన్ని అనే ఆలోచనే ముందు వస్తుంది.

అడాస్ అంటే డ్రైవరుకు తోడుగా రోడ్డును కనిపెట్టి ఉండే ఏర్పాటు. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ముందు అద్దం వెనక ఒక కెమెరా, బంపరు వెనకో కంపెనీ గుర్తు వెనకో ఒక రాడార్ ఉంటాయి. ముందున్న బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతోంది అని అవి నిరంతరం కొలుస్తుంటాయి. ప్రమాదం అనిపిస్తే మొదట అరుస్తాయి, మనం పట్టించుకోకపోతే బ్రేకు అవే వేస్తాయి. మన దేశంలో ఇది 2020లో ఎంజీ గ్లోస్టర్ లాంటి పెద్ద బండిలో కనబడి, మరుసటి ఏడాది మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో నలుగురి నోళ్లలో నాని, 2024 డిసెంబరుకల్లా హోండా అమేజ్‌లో షోరూం ధర పది లక్షల లోపుకు దిగింది. అంటే బ్యాంకు ఉద్యోగి, టీచరు కూడా కొనగలిగే చోటికి వచ్చినట్టే.

నేను చూసే నష్టాల్లో విసుగు పుట్టించేంత మామూలుది వెనక నుంచి గుద్దడం. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుటి బండి ఆగుతోందని గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, అప్పటికే 33 మీటర్లు పోయాం. బ్రేకు పని ఇంకా మొదలే కాలేదు. పైగా మన రోడ్డు మీద ముందు వెళ్లే లారీకి బ్రేకు లైటు వెలుగుతుందన్న భరోసా ఏమీ లేదు. ఉన్న ఒక్క లైటూ దుమ్ము పట్టి ఉంటుంది, లేదా కట్టిన తాడు దాని మీద వేలాడుతుంటుంది. రాడార్‌కు ఆ లైటుతో పని లేదు. దూరం తగ్గుతోందా లేదా అన్నదే దానికి కావాలి. ఈ ఒక్క గుణం చాలు, ఈ వస్తువు జపాన్ కంటే రణస్థలానికే ఎక్కువ అవసరం అనడానికి.

అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ ఏళ్ల తరబడి ఈ లెక్కలు తీస్తోంది. కేవలం హెచ్చరించే పరికరం ఉన్న కార్లు ముందు బండిని గుద్దడం 27 శాతం తగ్గింది. బ్రేకు కూడా అదే వేసేవాటిలో 50 శాతం. వెనక్కి తీసేటప్పుడు సెన్సర్లు, కెమెరాతో పాటు ఆటోమేటిక్ బ్రేకు కూడా ఉంటే గుద్దుళ్లు 78 శాతం తగ్గాయి. లైను దాటితే అరిచేదానికి 11 శాతమే దక్కింది. బీమా వాళ్ల అంకెలు కాబట్టి నాకు వీటి మీద నమ్మకం కాస్త ఎక్కువ. మనుషుల మీద ప్రేమతో కాకపోయినా, డబ్బు మీద ప్రేమతోనైనా జాగ్రత్తగా లెక్కపెడతారు.

డబ్బు సంగతికి వద్దాం. బ్రేకు పూర్తిగా ఆపలేకపోయినా 80లో ఉన్న బండిని 50కి తెచ్చిందనుకోండి. ఢీకొనే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 40 శాతం లోపుకు పడిపోతుంది. నా కాగితం మీద ఆ తేడా ఇలా కనబడుతుంది: 80లో గుద్దిన బండికి రేడియేటరు వెనక్కి నొక్కుకుపోయి, ముందు చాసిస్ వంగి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని, వాటితో పాటు సీటు బెల్టులు, డాష్‌బోర్డు కూడా మార్చాల్సి వస్తుంది. ప్లాస్టిక్ భాగాలకూ ఎయిర్‌బ్యాగులకూ పాలసీలో సగం తరుగు కోస్తారు, ఆ తరుగు కోయకుండా ఉండే నిల్ డిప్రిసియేషన్ తీసుకోని మనిషి ఆ సగం జేబులోంచి కట్టాలి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే ఇక బాగు చేయడమే ఉండదు, మొత్తం నష్టం కింద రాసేస్తాను. 50లో గుద్దినదానికి బంపరు, గ్రిల్లు, బహుశా ఒక హెడ్‌లైటు. అసలు గుద్దనే గుద్దకపోతే యజమానికి నో క్లెయిమ్ బోనస్ నిలుస్తుంది. వరుసగా అయిదేళ్లు క్లెయిము లేకుండా గడిపితే సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టేదాంట్లో, 50 శాతం వరకూ తగ్గుతుందని చాలామంది రెన్యువల్ నాడు గానీ గుర్తు చేసుకోరు.

ఇక్కడే నాకు మా బీమా రంగం మీద చిరాకు. పాత మోటారు టారిఫ్‌లో, దొంగలెత్తుకుపోకుండా ఆమోదం పొందిన పరికరం పెట్టుకుంటే సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించేవారు. తనంతట తాను బ్రేకు వేసే కారుకు అలాంటి తగ్గింపు నా చేతి మీదుగా వెళ్లిన పాలసీల్లో కనబడలేదు. ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం అయితే ఇంజను సైజును బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1000 సీసీ దాటి 1500 లోపు కారుకు 2022లో పెట్టిన రేటు 3,416 రూపాయలు, దానికి అడాస్ ఉన్నా లేకపోయినా అంతే.

ఖర్చు పెరిగే చోటు కూడా ఒకటుంది. ముందు అద్దం పగిలితే ఒకప్పుడు గంటలో మార్చేసేవారు. ఇప్పుడు కెమెరాను మళ్లీ గురి కుదర్చాలి, గురి చూపే బోర్డులూ కొలత పరికరాలూ మన వీధి చివర షెడ్డులో ఉండవు. బంపరుకు పుట్టీ దట్టంగా పెట్టి రంగు కొడితే రాడార్ చూపు మసకబారుతుంది. బంపరు ముందు బిగించే ఇనుప కమ్మీలను, అదే బుల్ గార్డులను, కేంద్రం 2017లోనే వద్దంది, అయినా బిగించుకునేవాళ్లు బిగించుకుంటూనే ఉన్నారు, సరిగ్గా రాడార్ ముందే. దసరాకు వాహన పూజ చేసి కంపెనీ గుర్తు మీద పసుపు, గంధం మందంగా పూస్తాం కదా, పూజయ్యాక తడి గుడ్డతో ఆ భాగం తుడిచేయండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

మా మేనల్లుడు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కొత్త కారు కొన్న వారానికే దాని అడాస్‌లో సగం ఆపేశాడు.

"ఊరికే అరుస్తోంది మావయ్యా. నాతవలస దాటేలోపు తల పగిలిపోతోంది" అన్నాడు.

ఏది అరుస్తోందో చూపించమంటే, లైను హెచ్చరిక. నిజమే, విజయనగరం నుంచి నాతవలస వచ్చే దారిలో గీత ఎక్కడుందో నాకే కనబడదు, దానికెలా కనబడుతుంది? రోడ్డు సగం ఆరబోసిన ధాన్యానికి వదిలి, మిగతా సగంలో ఆటోకీ మోపెడ్‌కీ మధ్య నడిచేవాడికి అది అరుపే తప్ప సాయం కాదు. అది ఆపేసుకో, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకు అన్నాను. షిఫ్టు వదిలే వేళ ఫ్యాక్టరీ బస్సుల చాటు నుంచి ఒక్కసారిగా రోడ్డెక్కే మనుషుల సంగతి నాకన్నా వాడికే బాగా తెలుసు. స్టీరింగునూ వేగాన్నీ కలిపి అదే చూసుకునే ఏర్పాటు సౌకర్యమే కానీ, దానివల్ల ప్రమాదాలు తగ్గుతాయనడానికి ఆధారం పెద్దగా దొరకలేదని అదే ఐఐహెచ్ఎస్ 2024లో చెప్పింది. ప్రకటనల్లో మాత్రం ముందు దాన్నే చూపిస్తారు.

దీనికి చేతకానివీ ఉన్నాయి. 2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం దగ్గర కారు ట్యాంకరును ఢీకొని మాజీ కేంద్ర మంత్రి ఎర్రన్నాయుడు గారు పోయారు. శ్రీకాకుళం జిల్లాలో ఆ సంగతి మరిచినవారు లేరు. రాత్రిపూట రోడ్డుకు అడ్డంగా తిరిగే పెద్ద బండి, దీపం లేకుండా పక్కన నిలిపిన లారీ, ఈ రెండూ నేటికీ ఈ పరికరాలకు కష్టమైన పరీక్షలే. అధిక వేగంలో నిలిచి ఉన్న వస్తువును పట్టకపోవచ్చని కార్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. గేదె సంగతి అసలే అడక్కండి.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ సంఖ్యను పది లక్షల ధర పలికే కార్లకు పెట్టిన రాడార్లు ఒక్కటే కదపలేవు. లారీలోకి ఎక్కాలి. ఐరోపాలో కొత్త రకం లారీలకు 2013 నవంబరు నుంచే ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేశారు. అమెరికాలో పెద్ద ట్రక్కులు ముందు బండిని గుద్దడం దీనివల్ల 41 శాతం తగ్గిందని 2020లో లెక్క తేలింది. పాత బండికి బ్రేకు అమర్చలేకపోయినా, అరిచే పరికరం అద్దానికి బిగించవచ్చు. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లతో కలిసి చేసింది అదే.

ఇది సాలూరులో ఒక లారీ యజమానికి చెప్పాను. ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లినా, లారీల మీద బతికే ఊరు కాబట్టి నాకు అక్కడ పని తప్పదు.

"ఇన్సూరెన్స్ తగ్గుతుందా సర్వేయరు గారూ?"

"తగ్గదు."

"మరి నాకేమిటి?"

బండి గుద్దాక స్టేషన్ ఆవరణలో ఎన్నాళ్లు నిలబడిందో, బ్రేకు ఇనస్పెక్టరు కోసం ఎన్నిసార్లు తిరిగారో, ఈఎంఐ ఆ నెల ఆగిందేమో ఆయన్నే చెప్పమన్నాను. బీమా బండి డబ్బే ఇస్తుంది, పోయిన కిరాయి ఇవ్వదు. ఆయన ఫోను తీసి డ్రైవర్ల బత్తా లెక్క కాసేపు చూసుకున్నాడు.

"సరే, ఒక బండికి పెట్టి చూస్తాను. రాయ్‌పూర్ వెళ్లేదానికి మాత్రం కాదండీ, ఘాట్‌లో మలుపు మలుపుకీ కొండ చూసి అరుస్తుంది. కలకత్తా లైను బండికి పెడదాం, రాత్రిళ్లు నిద్ర వచ్చేది ఆ డ్రైవరుకే."