వాయించడం వేరు, నేర్పడం వేరా? నా ఈబీ-1ఏ అనుభవం

అమెరికాలో పియానో వాయిస్తాను, స్వరరచన చేస్తాను, ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. నాది సెమిస్టర్‌కోసారి రెన్యూ అయ్యే కాంట్రాక్టు. ప్రొఫెసర్లకున్న ఈబీ-1బీ గ్రీన్‌కార్డుకి పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామని యూనివర్సిటీ రాసివ్వాలి. నాకది లేదు. అందుకే అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే, ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేని ఈబీ-1ఏ కింద ఐ-140 అనే దరఖాస్తు నేనే వేసుకున్నాను.

అందులో 10 ప్రమాణాలుంటాయి, కనీసం 3 చూపించాలి. పోటీల్లో వచ్చిన బహుమతులు, కచేరీ సమీక్షలు, జడ్జిగా పిలిచిన ఉత్తరాలు పెట్టాను. తెలుగు పత్రిక సమీక్షని పూర్తిగా ఇంగ్లీషులోకి మార్చి, అనువదించినవాళ్ల సంతకంతో జత చేయాలి. ‘చెయ్యి తిరిగిన’ అన్న ఒక్క మాటకి సరైన ఇంగ్లీషు దొరక్క ఒక సాయంత్రం గడిచిపోయింది.

నాలుగు నెలలకి ఆర్‌ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు కావాలని ఇమిగ్రేషన్ శాఖ పంపే నోటీసు, వచ్చింది. బహుమతులన్నీ వాయించినందుకు వచ్చాయి, ఇకముందు చేసేది బోధన కదా, రెండూ ఒకే రంగమని ఎలా నమ్మాలి అని అడిగారు. చదివాక కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆడటం వేరు, కోచింగ్ వేరు అని 2002లోనే ఒక బేస్‌బాల్ ఆటగాడి కేసులో ఫెడరల్ కోర్టు తేల్చిందట. ఆటల్లో అది నిజమేమో. పియానో ముందు కూర్చుంటే నాకెప్పుడూ అలా అనిపించలేదు.

గడువు 84 రోజులు. మూడు వారాలు టెన్షన్‌తో కొత్త సిఫార్సు ఉత్తరాల కోసం తిరిగాను. నేను మంచి కళాకారిణినని ఇంకో పదిమంది రాసినా అది ఆ ప్రశ్నకి జవాబు కాదని తర్వాత అర్థమైంది.

జవాబు నా పియానో మీదే ఉంది. మిశ్రచాపు తాళంలో, 3+4గా నడిచే నా చిన్న రచన అది. కచేరీ కోసమే రాశాను. ఒక విద్యార్థినికి తాళంలో ఆ నాలుగు మొదలయ్యే చోట ఎడమచేతి చిటికెనవేలు వెనకబడుతుంటే, సాధనకి అదే ఇచ్చాను. ఆ పిల్ల అవస్థ చూసి రెండో పేజీలో వేలి గుర్తు 5 (చిటికెనవేలు) కొట్టేసి పెన్సిల్‌తో 4 (ఉంగరపు వేలు) వేశాను. తర్వాతి కచేరీలో నేనూ అలాగే వాయించాను. అచ్చులోనూ అదే వచ్చింది. వేరే యూనివర్సిటీలో ఒక పియానిస్టు దాన్ని వేదిక మీద వాయించి, తన విద్యార్థులకీ నేర్పారు.

పెన్సిల్ గీతలున్న ఆ పేజీ, అచ్చు ప్రతి, కచేరీ ప్రోగ్రామ్, సిలబస్, ఆ పియానిస్టు తేదీలతో సహా రాసిచ్చిన ఉత్తరం, రాబోయే కచేరీల ఒప్పందాలు వరసగా పెట్టి, అవి ఒకదాన్నుంచి ఒకటి ఎలా పుట్టాయో రెండు పేజీల్లో రాశాను.

ఐ-140 అప్రూవ్ అయింది. భారత్‌లో పుట్టినవాళ్లకి ఈబీ-1లోనూ క్యూ ఉంది కాబట్టి ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటున్నాను. ఆ అమ్మాయి తన రిసైటల్‌కి అదే రచన ఎంచుకుంది. రెండో పేజీలో నేను వేసిన 4 చెరిపి మళ్ళీ 5 రాసుకుంది. ఇప్పుడు తన చేతికి అదే కుదిరింది.